గోడ దాటిన పంపరపనసలు

బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే సుంకప్పకు ఆ ఉదయం రెండే పనులు. తొమ్మిదింటికి పంపరపనస తినడం, పదకొండింటికి డాక్టరుకు బీపీ చూపించి ఫిట్‌నెస్ కాగితం తేవడం. కాగితం రాకపోతే అతను నడిపే పాలిష్ మిషన్, సూపర్‌వైజర్ బొజ్జన్న బామ్మర్ది చేతికి పోతుంది.

పంపరపనస మీద అతనిది మూడేళ్ల కక్ష. పెరట్లో చెట్టు తనది. కాసిన ప్రతి పండునూ భార్య రామసుబ్బమ్మ గోడ మీదుగా పక్కింటి మున్నీ బీకి ఇచ్చేసేది. ఎందుకని అడిగితే నవ్వేది. నిరుడు ఆమె పోయింది; ఆ తర్వాత ఇదే మొదటి కాపు. ఆ నవ్వును సుంకప్ప ఇంకా క్షమించలేదు.

"సుంకప్పన్నా, పండ్లు కోస్తాండావా?" గోడ అవతలి నుంచి మున్నీ బీ.

"నా చెట్టు, నా నోరు. నీకేమమ్మా?"

"అది కాదన్నా, వదిన నాతో..."

"పోయినోళ్ల మాటలు నాకొద్దు."

బీపీ మాత్ర వేసుకుని రెండు పండ్లు తిన్నాడు. మూడోదాని రసం సీసాలో పోసుకున్నాడు.

రైల్వే స్టేషన్ దగ్గరికొచ్చేసరికి నేల ఊగింది. ఎదురొచ్చిన బొజ్జన్న పట్టుకున్నాడు.

"ఎండదెబ్బప్పా! తాగు, తాగు!" అంటూ సుంకప్ప చేతిలోని సీసా రసమంతా అతని నోట్లో పోశాడు. సుంకప్ప కళ్లు తేలేశాడు.

టీ బంకు దగ్గర ఎవరో "గుండె" అన్నారు. వీధి చివరకు చేరేసరికి అది "పోయినాడు" అయింది. సుంకప్పను ఎక్కించిన ఆటో ఆసుపత్రికి చేరేలోపే మున్నీ బీ అక్కడ ఏడుస్తోంది. బొజ్జన్న బామ్మర్ది దండ తెచ్చాడు.

డాక్టర్ జయరాజ్ సెలైన్ పెట్టించాడు. "బీపీ ఎనభై, యాభై! ఏం తిన్నావప్పా?"

"పంపరపనస."

"సరిపోయింది. పేగుల్లో, కాలేయంలో ఎంజైములుంటాయి. మింగిన మాత్రను అవి కొంత కొంత కోసి పారేస్తాయి. అది చూసుకునే నేను మాత్ర రాసేది. ఈ పండు పేగుల్లోని వాటి చేతులు కట్టేస్తుంది. ఒక మాత్ర మూడు మాత్రల పని చేసింది. ఇదంతా మూడేండ్ల కిందటే మీ ఆవిడకు చెప్పినానే!"

"నాకు చెప్పలేదే?"

"వద్దంటే ముందు అదే తింటాడు, చెప్పొద్దు అనింది వదిన," అని మున్నీ బీ కళ్లు తుడుచుకుంది. "పొద్దున చెప్పబోతే నోరు మూయించినావు."

"ఆ పండు ముట్టకుంటే సోమవారం చూసి సంతకం పెడతా," అన్నాడు డాక్టరు.

సోమవారం కాగితం వచ్చింది, మిషన్ దక్కింది. దండ బొజ్జన్న ఇంటి గుమ్మానికి ఎండుతోంది. సాయంత్రం సుంకప్ప మిగిలిన పండ్లన్నీ గోడ మీద పెట్టాడు.

"తీసుకో మున్నీ బీ. నీకు శానా ఇష్టం గదా."

"ఇష్టమా? నోట్లో పెడితే చేదన్నా. మూడేండ్లుగా మా మేకలే తింటాండాయి."

రామసుబ్బమ్మ ఎందుకు నవ్వేదో సుంకప్పకు అర్థమైంది. క్షమించడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.