దంతవైద్యుని గుమ్మడిగుజ్జు దండయాత్ర

వినుడు, కడుపునిండ భుజించి కాళ్లు బారజాపి కూర్చున్న పుణ్యాత్ములారా! ఆదివారమను పుణ్యదినంబున, పొరుగింటి వాషింగ్ మెషీను సముద్రఘోషంబును తలదన్నుచు గర్జించుచుండ, మూడవ అంతస్తు వంటగదిలోనికి జొరబడిన ఎండ సింకులోని కడుగని గిన్నెలపై కిరీటకాంతులవలె మెరయుచుండ, ఆ వంటగదియే రణరంగంబుగా, పొడవుకాళ్ల పిల్లల కుర్చీయే దుర్గంబుగా, చెంచాడు గుమ్మడిగుజ్జు నిమిత్తమై జరిగిన మహాసంగ్రామంబును చెప్పెదను. ఇంతకంటె పెద్ద యుద్ధములు లోకమున జరుగలేదా యని అడుగకుడు. జరిగినవి. కాని వానిలోని వీరులు ఇంత తెలివితక్కువవారు కారు.

ఈ గాథకు నాయకుడు ఒక దంతవైద్యుడు. దవడలు బిగించిన పెద్దమనుష్యులను, నర్సు చేయి కరచిన బాలవీరులను, సూదిని చూచి సొమ్మసిల్లిన కండల యోధులను "ఆఁ" అను ఒక్క అక్షరాస్త్రంబుతో లొంగదీసినవాడు. తన కుర్చీ నెక్కిన ప్రతివాని నోరు తనంత తానే తెరచుకొనుట ఏండ్ల తరబడి చూచి చూచి, తన యాజ్ఞకు తెరచుకొనని నోరు భూమండలమున లేదని గట్టిగా నమ్మినవాడు. ఆ నోళ్లు తెరచుకొనునది తన ప్రతాపంబునకు కాదు, వారి పంటినొప్పికి అను చిన్న సంగతి ఆయనకు తోచలేదు. తోచియుండినచో నాకు ఈ శ్రమ లేకపోయెడిది.

ఆయన కెదురు నిలచిన శత్రువు సొంత కూతురు. ఆరు నెలలు నిండిన పసికందు. పుట్టినది మొదలు ఇంటికి వచ్చినవారినెల్ల బోనులోని ముద్దాయిలను చూచినట్లు కనుబొమలు ముడిచి చూచుటచే ఇంటిల్లిపాదియు ఆమెను జడ్జమ్మ యని పిలుచుచుండిరి. ఆమె నోట ఒక్క పన్నైనను లేదు. పండ్లు లేని శత్రువు పండ్ల డాక్టరున కొక లెక్కయా యని మీరనుకొందురు. ఆయనయు నట్లే అనుకొనెను.

ఇక పణంబేమనగా, జడ్జమ్మ తల్లి భూమి కొలుచు సర్వేయరు. ఆమె సెలవు ఆ దినముతో ముగియుచుండెను. మరునాడు ఆమె కొత్త రోడ్డు కొలుచు పనికి పోవలెను. పిల్లల డాక్టరేమో పాలతోబాటు మెత్తని తిండి మొదలుపెట్టవలసినదే యని చెప్పియుండెను. పగటిపూట తినిపించు భారము తనదేనని, క్లినిక్కు సాయంకాలమునకు మార్చుకొంటినని, దంతవైద్యుడు చుట్టపక్కాలందరి యెదుట మీసము మెలివేసియుండెను. వారము దినములుగా ఆయన చేసిన దాడులన్నియు గోడమీదను చొక్కామీదను ముగిసినవి. తన మొగము కనబడినచో బిడ్డ తన ఒడికే చేతులు చాచునని తల్లి ఆ సమయమున పక్కగదిలో తలుపు వేసికొని కూర్చుండెడిది. కుండలో కూడు కుండలో ఉండవలె, బిడ్డ దుడ్డువలె ఉండవలె నను సామెతలో మొదటి సగము మాత్రము ఆ యింట తు.చ. తప్పక నెరవేరుచుండెను.

ఆ ఉదయము తల్లి ఒక్క మాట చెప్పినది.

"ఇవాళ నీ చేత్తో ఒక్క ముద్ద మింగితే రేపు వెళ్తాను. లేకపోతే సెలవు పొడిగించేస్తా. రోడ్డు పని ఇంకెవరికో ఇస్తారు. ఇవ్వనీ."

ఆ చివరి మాట అనుచు ఆమె మూలన దుమ్ముపట్టిన తన సర్వే బూట్లవంక చూచెను. ఆ పని కొరకు ఆమె ఎన్నాళ్లు ఎదురుచూచినదో ఆయనకు తెలియును. ఆయన గుండె కలుక్కుమనెను. వేళాకోళమునకు చెప్పుట లేదు, నిజముగనే కలుక్కుమనెను.

అంత దంతవైద్యుండు సన్నద్ధుడయ్యెను. ముఖంబున మాస్కు ధరించి, కరంబుల తొడుగులు తొడిగి, అదియు చాలదన్నట్లు క్లినిక్కు నుండి తెచ్చుకొన్న దీపంబును నుదుట బిగించి, చెంచాయుధపాణియై నిలచెను. కన్నకూతురికి గుమ్మడిగుజ్జు పెట్టుటకు నుదుట లైటు కట్టుకొన్న తండ్రి ఇంతకుముందు పుట్టలేదు, ఇకముందు పుట్టకుండుగాక! పిదప కుర్చీ మీట నొక్కి, బిడ్డను వెల్లకితలగా వెనుకకు వాల్చెను. అది క్లినిక్కులో ప్రతిదినము చేయు పనియే గనుక చేయి తనంత తానే చేసినది. బుద్ధికి కబురైనను పంపలేదు. జడ్జమ్మకు సీలింగు ఫ్యాను, దాని పక్కన దీపము గల ఒక ముసుగు శాల్తీ కనబడినవి. ఆమె పెదవులు బిగించెను.

"ఓసి దంతవిహీనా! దుర్భేద్య దవడ దుర్గాధీశ్వరీ! జ్ఞానదంతంబులను వేళ్లతో సహా పెకలించిన నా భుజబలంబు నెరుగవా? నీ ముఖద్వారంబు తెరచి, ఉప్పు నెరుగని, చక్కెర సోకని, వస్త్రగాళితమైన యీ గుజ్జును స్వీకరించి నా పరువు నిలుపుము. లేకున్న నీ తల్లి యెదుట తలయెత్తుకొని తిరుగజాలను!" అని గర్జించెను. ఇంత ప్రసంగంబును మనసులోనే. నోటితో అన్నది మాత్రము "ఆఁ అను తల్లీ" అని.

ఆ చిట్టితల్లి అనలేదు. మొదటి దాడి పెదవులకు తగిలి గడ్డము మీదుగా వెనుదిరిగెను. రెండవ దాడి లోనికి చొరబడెను గాని, నాలుక యను ద్వారపాలకుడు గుజ్జును మెడబట్టి బయటకు గెంటెను. మూడవసారి ఆ బిడ్డ యేడ్వబోయి నోరు తెరచినంతనే, అదను చూచి మహావీరుడు చెంచాను లోపలికి దోసెను. ఏడ్చు బిడ్డ నోట కూడు కుక్కుట ఏ శాస్త్రమందలి యుద్ధనీతియో ఆయననే అడుగవలెను.

పాప పొలమారెను. ముఖము కందిపోయెను. దంతవైద్యుని చేతి చెంచా జారిపోయెను.

దగ్గు విని తల్లి తలుపు తోసుకొని వచ్చి, ఒక్క గుంజుతో కుర్చీ నిటారు చేసెను. బిడ్డ దగ్గి దగ్గి, ఉన్నదంతయు తండ్రి నుదుటి దీపముమీద ఉమ్మి, ఊపిరి పీల్చుకొని, అప్పుడు తీరికగా ఏడ్చెను. నేల వాలు చూచుటయే బ్రతుకుగా గల ఆ యిల్లాలు కుర్చీ వాలు చూచి మండిపడెను.

"ఇదేమన్నా నీ క్లినిక్కు కుర్చీయా? నువ్వు వెల్లకిలా పడుకుని మింగగలవా? ఏదీ, మింగి చూపించు."

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలన్నారు. ఈయన రచ్చ గెలిచి ఇంట చతికిలబడెను. దీపము విప్పెను, మాస్కు తీసెను, తొడుగులు ఊడదీసెను. "నాకు చేతకాదేమో," అనెను. ఆ వారములో ఆయన నోట వెడలిన తెలివైన మాట అదియొక్కటే. జడ్జమ్మ ఏడ్పు ఆపి, ఈ మనిషి ఎవరో తెలిసినవాడేనని అప్పుడు గుర్తించినట్లు చూచెను.

భార్య ఓదార్చలేదు. "స్టూలు మీద కూర్చో. దాని మొహానికి ఎదురుగా. చెంచా తొయ్యకు," అని చెప్పి, గుమ్మమునకు అవతల నిలచెను.

ఆయన ఎదురుగా కూర్చుండెను. బిడ్డ గిన్నెలో పిడికిలి ముంచెను, ఆయన ముంచనిచ్చెను. ఆ పిడికిలితో ఆయన ముక్కు పట్టుకొనెను, పట్టుకొననిచ్చెను. పిదప చెంచా కొనపై ఇంత గుజ్జు తీసి, ఆమె పెదవులకు జానెడు దూరమున నిలిపి, ఊరకుండెను. ఊరకుండుట ఆయనకు పుట్టుకతో రాని విద్య. జడ్జమ్మ చెంచాను చూచెను. తండ్రిని చూచెను. వాదప్రతివాదములు ముగిసినట్లు ముందుకు వంగి, నోరు తెరచి, చెంచా కొనను తానే అందుకొనెను. ముఖము చిట్లించెను. చప్పరించెను. కంఠము కదలెను.

మింగినది.

మహావీరుడు వెంటనే రెండవ చెంచా నింపెను. బుద్ధి రానివానికి ఒక్క దినమున ఎంత వచ్చును? బిడ్డ తల పక్కకు తిప్పెను. ఆయన చేయి ముందుకు పోయి, ఆగి, వెనుకకు వచ్చెను. చెంచాను గిన్నెలో పెట్టివేసెను. గుమ్మము కడ నిలచిన తల్లి అది చూచెను. ఆమె కన్నులు తడిసినవి. లోపలికి పోయి, మూలనున్న బూట్లు తీసి బాల్కనీలో దుమ్ము దులుపసాగెను.

కావున దిక్కులారా, వినుడు! సకల దంత సంకుల సమర విజేతయు, నిష్ఫల గర్వ శిఖామణియు నగు ఆ దంతవైద్యుండు, ఒక వంటగదిని, రెండు చొక్కాలను, తన పరువును సమూలముగా పోగొట్టుకొని, తుదకు శనగగింజంత గుమ్మడిగుజ్జును కన్నకూతురి కడుపున చేర్చి దిగ్విజయంబు గాంచెను. శనగగింజంతయే. అంతకు మించి ఒక్క రవ్వ లేదు. ఐనను మరునాడు ఒక రోడ్డు కొలువబడెను.