వరస మధ్యలో ఏడుగురు

వరస మధ్యలో ఒక్కడే దూరితే దౌర్జన్యం. కుటుంబ సమేతంగా దూరితే శాస్త్రం! నవ్వకండి. పదిహేనేళ్లుగా కాలేజీలో ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి. పైగా నిన్ననే కళ్లారా చూశాను.

మా పళ్ల డాక్టరు దగ్గర టోకెన్లుండవు. కొత్తగా వచ్చినవాళ్లు "చివరెవరండీ?" అని అడిగి, "అయితే మీ తర్వాత నేను" అని చెప్పి, ఖాళీ ఉన్నచోట కూలబడతారు. లోపల్నుంచి ఒకరు రాగానే కాంపౌండరు "మీ తర్వాత ఎవరు?" అంటాడు. వాళ్లు వేలు చూపిస్తారు. అంతే! తన తర్వాతి మనిషిని గుర్తుపెట్టుకుంటే చాలు. దీన్నే మేం లింక్డ్ లిస్ట్ అంటాం. నెల రోజులు పాఠం చెబుతాం.

నిన్న నా వంతు కళ్లద్దాల పెద్దాయన తర్వాత. దవడ బంతిలా వాచింది, మంచినీళ్లు కూడా దిగడం లేదు. ఒంటిగంటకి క్లినిక్ మూసేస్తారు.

అప్పుడు దిగిందండీ ఒకావిడ! అత్తామామలు, మొగుడు, మరిది, ఇద్దరు ఆడపడుచులతో. నేరుగా కళ్లద్దాలాయన దగ్గరికెళ్లి, "బాబాయిగారూ, మీ తర్వాత మా మామయ్యగారు. ఎక్కువసేపు కూర్చోలేరు పాపం" అంది.

"దానికేముందమ్మా" అన్నాడాయన.

మామగారి తర్వాత అత్తగారు, ఆవిడ తర్వాత మొగుడు... గొలుసు ఇంటి దగ్గరే కట్టుకొచ్చారు! మామగారివి చూస్తే కట్టుడు పళ్లు.

నేను కోప్పడ్డానా? పులకించిపోయాను! కుర్చీలకి నంబర్లుంటే ఏమయ్యేది? వెనకున్న మేమంతా లేచి ఏడేసి కుర్చీలు జరగాల్సొచ్చేది. ఇప్పుడు ఒక్కరూ కదల్లేదు! ఒకరు దూరినా, ఏడుగురు దూరినా, మార్చాల్సినవి రెండే ముళ్లు. ముందు కళ్లద్దాలాయనకీ మామగారికీ ఒకటి, చివర వాళ్లలో ఆఖరి మనిషికీ నాకూ ఒకటి. ఇదంతా నా తర్వాతున్న టైలరుగారికి ఆ వాచిన నోటితోనే వివరించాను. ఆయన దండం పెట్టాడు, ఎందుకో తెలీలేదు.

సరిగ్గా ఒంటిగంటకి చివరి ఆడపడుచు బయటికొచ్చింది.

"మీ తర్వాత ఎవరమ్మా?"

"ఎవరూ లేరండీ, మేమే చివర."

కాంపౌండరు ఫ్యాను కట్టేశాడు. నేను కంగారుగా చెయ్యెత్తాను.

"మీరెవరి తర్వాతండీ?"

"కళ్లద్దాలాయన తర్వాత."

"ఆయనెళ్లి రెండు గంటలైంది కదండీ!"

ఆవిడ వేసింది ముందు ముడి ఒక్కటే. తనవాళ్లు లోపలికెళ్లడానికి అది చాలు. చివరి ముడి నా కోసం కదా, ఆవిడకెందుకు గుర్తుంటుంది? నేను, టైలరుగారు, ఆయన వెనక ముగ్గురు, అందరం గదిలోనే ఉన్నాం. లిస్టులో మాత్రం లేం! ఇదే తప్పు పరీక్షలో చేస్తే సున్నా వేస్తాను. మరి ఏడుగురి పళ్లూ తళతళలాడుతూ వెళ్లిపోతుంటే ఎవరికి వెయ్యను?

ఇవాళ క్లినిక్‌కి సెలవు. రేపు పొద్దున్నే వెళ్తున్నాం. నొప్పి నా ఒక్కడికే అయినా, మా అత్తగారితో సహా ఎనిమిదిమందిమి. చివరి ముడి సంగతంటారా? అది వెనకున్నవాళ్లు చూసుకుంటారు లెండి!