దోర్కాస్ మామ్మ మోకాలి సాక్ష్యం

ఉద్దానంలో వైద్యులు తక్కువన్నది గిట్టనివాళ్లు పుట్టించిన మాట. అక్కడ నోరున్న ప్రతివాడూ వైద్యుడే.

పలాసలో జీడిపప్పు ఒలిచి ఒలిచి మోకాళ్లు అరగదీసుకున్న దోర్కాస్ మామ్మకు ముసలితనంలో ఈ సంగతి బోధపడింది. ఎదురింటి ఎర్రమ్మ, తన మొగుడి పంటినొప్పికి కొన్న బిళ్లల్లో మిగిలినవి దానం చేసింది. మందుల షాపు తిరుమలరావు మామ్మ మొహం చూసే రోగం కనిపెట్టి, అంతకన్నా లావు బిళ్లలు చేతిలో పెట్టాడు. ఆర్‌ఎంపీ చిట్టిబాబుగారు అంతకుముందు ఏం మింగావని అడిగి మామ్మను ఇబ్బంది పెట్టలేదు. ఇంజెక్షనొకటి పొడిచి, ఇంకో రంగు బిళ్లలు జోడించారు. పేర్లు మూడు, మందుల జాతి ఒక్కటే. అయితేనేం, ఆదివారం మామ్మ కర్ర లేకుండా చర్చికి నడిచింది. సంఘం దేవుడికి సగం, చిట్టిబాబుగారికి సగం స్తోత్రాలు చెప్పింది.

ఈ ఆనందానికి అడ్డుపడ్డది టెక్కలి డాక్టర్ బిందుమాధవి ఒక్కతే.

"బీపీ ఉంది, పెద్దదానివి. ఈ బిళ్లలు వద్దు మామ్మా. మోకాలికి పైన రాసుకునే మందిస్తాను. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుతూ దించుతూ ఉండు. ముందు రక్తం పరీక్ష చేయిద్దాం."

సూది లేదు, సెలైను లేదు! ఇదేం డాక్టరని ఊరు నవ్వింది. మామ్మ కూడా నవ్వి, పరీక్ష ఎగ్గొట్టి, పూతమందు ఎర్రమ్మకిచ్చి రుణం తీర్చుకుంది.

కొన్నాళ్లకు పాదాలు బూరెల్లా పొంగాయి. అన్నం చూస్తే వాంతి. చిట్టిబాబుగారు పొంగుకు వేరే బిళ్ల ఇచ్చారు. నొప్పి బిళ్లలు మాత్రం మాననివ్వలేదు, వైద్యంలో క్రమశిక్షణ ముఖ్యం కనుక. మళ్లీ టెక్కలి చేరేసరికి కిడ్నీలు సగం దెబ్బతిన్నాయి.

"ఇది మన నీళ్ల వల్ల కదేటమ్మా?" అంది మామ్మ.

"ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు మామ్మా. తేలిన కారణం నువ్వు మింగావు."

మామ్మ మొగుణ్ణి డయాలసిస్ మంచం మీదే పోగొట్టుకున్న మనిషి. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. బిళ్లలు మానేసింది. కొంత తేరుకుంది. ఓ ఆదివారం సంఘం ముందు నిలబడింది.

"నాను మింగినాను, మీరు మింగకండి. రెండ్రోజుల్లో నొప్పి పోనాదని సంబరపడ్డాను. ఇప్పుడు సూడండి నా బతుకు."

సంఘం కన్నీళ్లు పెట్టుకుంది. కొంగులు తడిశాయి. ప్రార్థన ముగిశాక అందరూ మామ్మ చుట్టూ మూగారు. పాస్టరు ఇమ్మానుయేలుగారు అందరినీ తోసుకుని ముందుకొచ్చి, ఆమె చెవి దగ్గర వంగారు.

"అదంతా సరే గాని మామ్మా, రెండ్రోజుల్లోనే పోనాదా? ఆ బిళ్ల పేరేటి?"