బుగ్గ మీది మచ్చకు తాత్పర్యం

ఆ ఉదయం తాత్పర్యం గారు రెండే పనులు పెట్టుకున్నారు. ఒకటి, టీ తాగుతూ పేపరు చూడటం. రెండు, పదకొండింటికల్లా తన బదిలీ కాగితం మీద ఆఫీసరు చేత సంతకం పెట్టించుకోవడం. భార్య వేరే ఊళ్లో పంతులమ్మ. రెండేళ్లుగా వారం వారం బస్సెక్కి ఆయన నడుము అరిగిపోయింది. ఆ ఊరికి బదిలీ అడగడానికి ఈ రోజే ఆఖరు గడువు.

నీటి సరఫరా కార్యాలయంలో ఆయన గుమాస్తా. పేపర్లో వచ్చే రాజకీయ కార్టూన్‌కు రోజూ పదింటికి నలుగురినీ పోగేసి అర్థం చెబుతారు గనక ఆ పేరు పడింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా లేదు.

ఆనాటి బొమ్మలో ఒక లావుపాటి మనిషి కుర్చీలో గుర్రు పెడుతున్నాడు. నలుగురు బక్కమనుషులు కుర్చీని భుజాన మోస్తున్నారు.

"కార్టూన్ చూడ్డానికో పద్ధతుందమ్మా," అన్నారు తాత్పర్యం గారు గొంతు సవరించుకుని. "లావుగా ఉన్నది అధికారం. చెమట కారేది జనం. కానీ గీసేవాడు అసలు సంగతి ఎక్కడో చిన్న గుర్తులో దాస్తాడు. ఇదిగో, బుగ్గ మీద ఈ నల్లమచ్చ! ఊరికే పెట్టాడంటారా?"

టైపిస్టమ్మ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. "అయ్యో, ఎడమ బుగ్గేనండీ! మన సారుకీ పుట్టుమచ్చ అక్కడే కదా?"

తాత్పర్యం గారు గబగబా మచ్చను గోటితో గీరారు. ఊడి వచ్చింది. పొద్దున గ్లాసులోంచి చిందిన టీ పొడి.

"హమ్మయ్య! టీ పొడమ్మా, టీ పొడి!"

"ఇప్పుడు గీకి ఏం లాభం బాబాయ్?" అన్నాడు రికార్డు గుమాస్తా. "ఫొటో తీసి మన ఆఫీసు గ్రూపులో పెట్టేశాగా. సారు సంగతి కూడా కింద రాశాను."

"గ్రూపులో సారున్నారు కదయ్యా! తియ్, తియ్!"

అతను తీసేయబోయి, కంగారులో పై ఆఫీసు గ్రూపుకు కూడా పంపించాడు. అంతలో ఆఫీసరు గదిలో గంట మోగింది.

తాత్పర్యం గారు లోపలికి వెళ్లేసరికి బదిలీ కాగితం బల్ల మీదే ఉంది. కలం మూత కూడా తీసి ఉంది.

"ఇది నేనేనటగా?" ఆఫీసరు ఫోను ముందుకు తోశారు.

తాత్పర్యం గారి కళ్ల ముందు వారం వారం ఎక్కే బస్సు మెదిలింది. "తమరే సార్. కానీ అది నిద్ర కాదు సార్, ఆలోచన. కళ్లు మూసుకుంటేనే గానీ ఊరి దాహం కనబడదు. వాళ్లు మోస్తున్నారా సార్? మిమ్మల్ని వదల్లేక పట్టుకున్నారు. అది చెమటా కాదు... ఆనందబాష్పాలు."

ఆఫీసరు మొహం చాటంత అయింది. "ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఏ పేపరూ నా మొహం చూడలేదయ్యా! పై ఆఫీసు నుంచి ఇప్పుడే ఫోను, కార్టూన్లోకి ఎక్కావటగా అని. దీన్ని పటం కట్టిస్తా."

ఆయన కలం అందుకున్నారు. తాత్పర్యం గారు కాగితం మీదికి వంగారు. కలం కాగితం మీద ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా నడిచింది.

"ఇంత చూపున్న మనిషిని వదులుకుంటానా? వచ్చే ఏడాది చూద్దాం."

"సార్! అది టీ పొడి సార్!" తాత్పర్యం గారు బల్ల పట్టుకుని నిలబడ్డారు. "అది మీరు కాదు, ఎవరో మంత్రి! నిద్రే పోతున్నాడు సార్, గుర్రు కూడా పెడుతున్నాడు!"

ఆఫీసరు కాసేపు పైకి చూసి, మెల్లగా తలూపారు. "టీ పొడి... మరిగే కొద్దీ రంగు దిగేది. అబ్బ, ఎంత లోతుగా చెప్పావయ్యా!"

సాయంత్రం ఫోనులో భార్య అంతా ఓపిగ్గా విన్నది. "అయితే ఇంకో ఏడాది అక్కడే ఉండండి," అని పెట్టేసింది.

ఆ రోజు ఆయన చెవిన పడిన మాటల్లో అంతరార్థం వెతకనక్కర్లేనిది అదొక్కటే.