ఎల్లన్నకు గోడ మంజూరు

కార్మికుడి భుజం బాగుపడాలంటే ఒక గోడ కావాలని వైద్యశాస్త్రం తేల్చింది. ఆ గోడ ఎవరికి ఇవ్వాలో తేల్చే అధికారం మాత్రం మా కంపెనీ తన దగ్గరే ఉంచుకుంది.

మా రూములో ఉండే ఎల్లన్న జగిత్యాల మేస్త్రీ. పద్నాలుగేళ్లుగా రియాద్‌లో సీలింగులకు ప్లాస్టరింగ్ చేసి చేసి కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి లేవడం లేదు. క్లినిక్‌లో వ్యాయామాలు చెప్పే అనమ్ హైదరాబాదీ పిల్ల.

"గోడకు ఎదురుగా నిలబడు అన్నా. చీమ పాకినట్టు వేళ్లను పైకి పాకించు. రోజుకు మూడుసార్లు. జబర్దస్తీ చెయ్యకు. ఇగ సీలింగ్ పని బంద్, లేకుంటే ఈ చెయ్యి మళ్ల లేవదు" అని చీటీ రాసింది.

వ్యాయామం మొదలైన రోజు నుంచి ఆరు వారాలు సీలింగ్ పని తప్పించాలని ఆ చీటీ సారాంశం. (మొదలయ్యేదాకా సీలింగే.)

ఇక గోడ వెతకాలి. ఇక్కడి మలాజ్ పేటలో సగం గోడలు ఎల్లన్న లేపినవే, కానీ వాటిలో వేరేవాళ్లు కాపురం ఉంటున్నారు. సైటులో గోడలకు రంగు వేశారు, వేలిముద్రలు పడితే ఇంజనీరు ఒప్పుకోడు. మా రూములో ఎనిమిదిమందిమి. నాలుగు దిక్కులా డబుల్ మంచాలే. మిగిలింది బాత్రూమ్ గోడ. తెల్లారి నాలుగింటికి ఎల్లన్న అక్కడ వేళ్లు పాకిస్తుంటే బయట లైను కట్టినవాళ్లు తలుపు బాదారు.

"ఓ ఎల్లన్నా! తానం చేస్తున్నవా, గోడ దుంకి పారిపోతున్నవా?"

దాంతో క్యాంపు బాసు మహబూబ్ బాషా దగ్గరికి వెళ్లాం. ఆయనది కడప.

"నాకాడ గోడ యాడుందప్పా? ఉన్నెవన్నీ మంచాలకు ఇచ్చేసినాం. అర్జీ రాసియ్యి, పైకి పంపిస్తా."

రాసిచ్చాం. ఏ చెయ్యి, ఎన్ని వేళ్లు, బొటనవేలు కూడా కలుస్తుందా అన్నీ నింపాం. పదకొండు రోజులకు (పదకొండు రోజుల సీలింగు తర్వాత) గోడల వినియోగ విభాగం నుంచి జవాబు వచ్చింది. ఇప్పుడున్న గోడలు కప్పును మోయడానికి మంజూరైనవి, వేళ్లను మోయడానికి కాదు. కనుక క్యాంపు పెరట్లో కొత్తగా ఒక వ్యాయామ గోడ కట్టవలెను. కట్టేవాడు: ఎల్లన్న. కట్టే రోజు: శుక్రవారం. (ఆ రోజు ఆయనకు సెలవు కాబట్టి తీరిక ఉంటుందని.)

శుక్రవారం అందరూ బతా బజారుకు పోతే ఎల్లన్న ఎడమచేత్తో బ్లాకులు పేర్చాడు, కుడిచేత్తో తాపీ పట్టాడు. ఛాతీ ఎత్తుకు రాగానే ఆగిపోయాడు.

"ఇగ నాతోని కాదు సదానందం. చెయ్యి లేస్తలేదు."

"మిగతాది నేను పెడతనే అన్నా."

"నువ్వు పెడితే ఊకుంటరా?"

ఊరుకోరు. నా ఇకామాలో, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులో, ఎలక్ట్రీషియన్ అని ఉంది, మేస్త్రీ అని కాదు. అందుకని గోడ అక్కడికే పూర్తయిందని బాషా సంతకం పెట్టాడు.

మర్నాడే భుజాల పురోగతి పరిశీలకుడు వచ్చాడు. ఆయన ఫారంలో ఒక్కటే ప్రశ్న: రోగి చెయ్యి గోడ పైఅంచును తాకుతోందా?

"పెట్టు" అన్నాడు.

ఎల్లన్న పెట్టాడు. తాకింది.

"తాకింది గని సార్, గోడనే పొట్టిగ..." అన్నాడు ఎల్లన్న.

"గోడ ఎత్తుకు ఇందులో కాలమ్ లేదు" అని పరిశీలకుడు ముద్ర కొట్టాడు. వ్యాధి పూర్తిగా నయమైంది. ఆరు వారాల చికిత్స ఒక్క రోజులో ముగిసింది కనుక చీటీ రద్దు.

"ముబారక్ ఎల్లన్నా" అన్నాడు బాషా, నిజంగానే సంతోషపడుతూ. "ఎంతమందికి అవుతాది ఇట్లా?"

ఆదివారం పొద్దున డ్యూటీ లిస్టులో ఎల్లన్న పేరు మొదటే ఉంది: మూడో అంతస్తు, సీలింగ్.

గోడ అద్భుతంగా పనిచేసిందని హెడ్డాఫీసు మెచ్చుకుంది. మిగతా తొమ్మిది క్యాంపుల్లోనూ ఒక్కొక్కటి కట్టమని ఆర్డరు వేసింది. ఎత్తు మాత్రం పెంచొద్దంది.