మరిదిగారు కల్పించిన వంకలు

పొద్దున తొమ్మిదింటికి వదిన చేత సంతకం పెట్టించుకుని, పదింటికల్లా ఉతికే మెషిన్‌ని దుకాణంలోకి దించుకోవాలన్నది లాండ్రీ యజమాని పథకం. మూతపడిన ఓ హోటల్ వాళ్ళ మెషిన్ అది. ఒక్క వాయికి రెండొందల దుప్పట్లు ఉతుకుతుందట. ఆయన కొందామన్నాడు, బావమరిది సై అన్నాడు, ఇస్త్రీ మాస్టర్ తలూపాడు. ఏడాది లాభమంతా దాని మీద పోయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

వదిన సంతకం కావాలి. అన్న పోయాక సగం వాటా ఆవిడదే. ఎవరు ఏమన్నా కాదంటుందని దుకాణంలో ఆవిడకి చాటుగా ‘అడ్డుపుల్ల’ అని పేరు.

"కొందామంటే వద్దంటుంది. అందుకని నేనే వద్దంటాను. అప్పుడు కొనమంటుంది," అని ఆయన బావమరిది చెవిలో ఊదాడు. "కొనాలి అన్న మాట వినపడగానే మెషిన్ తేవడానికి వ్యాను పంపెయ్."

వదిన వచ్చి కుర్చీలో కుదురుకుంది.

"ఆ మెషిన్ మనకొద్దు వదినా."

"ఎందుకొద్దు?"

ఈ ప్రశ్న ఆయన పథకంలో లేదు. "ఎందుకంటే... మన గుమ్మంలో పట్టదు."

"ఇంకా?"

"మన కరెంటు లైను దాన్ని మోయలేదు."

"ఇంకా?"

ఆయన కాలు దానంతటదే ఊగుతోంది. "పంపు పాడైతే ఆ రకం ఇంకెక్కడా దొరకదట."

ఆవిడ మూడూ కాగితం మీద రాసుకుంది. "ఇవి తప్పని తేలితే కొనాలి," అంది.

కర్టెన్ వెనకున్న బావమరిదికి చివరి మాటొక్కటే చెవిన పడింది. వ్యాను బయల్దేరింది.

వదిన ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది. యజమాని లోలోపల మురిసిపోయాడు. తను ఆడినవి అబద్ధాలు, అవి తప్పని తేలడం ఎంతసేపు? ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పి లోపలికి తొంగిచూసి, "ఈ తీగల మీద ఆ మెషిన్ తిప్పితే వీధి వీధంతా చీకటే," అన్నాడు. యజమాని మురిపెం కాస్త తగ్గింది.

అంతలో వ్యాను రానే వచ్చింది, వెనకాలే అమ్మేవాడూ వచ్చాడు. ఆరుగురు పట్టి తోస్తే మెషిన్ గుమ్మం దాకా వచ్చి, సగం లోపల, సగం వీధిలో బిగుసుకుపోయింది. నాలుగు వేళ్ళ వెడల్పు ఎక్కువ. బట్టల కోసం వచ్చి లోపల చిక్కుకుపోయిన, ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిన ఓ కుర్రాడు ఇస్త్రీ కోటు చేత్తో పైకెత్తి పట్టుకుని వెనక కిటికీలోంచి దూకి పోయాడు.

వదిన స్టూలెక్కి, మెషిన్ మీదుగా వీధిలో ఉన్న అమ్మేవాణ్ణి అడిగింది. "దీని పంపు పాడైతే ఎక్కడ దొరుకుతుందయ్యా?"

"అది పాడయ్యే ఉందమ్మా. ఆ కంపెనీ మూసేశారుగా, ఎక్కడా దొరకదు. అందుకేగా ఇంత చవగ్గా ఇస్తున్నాను."

"మరి మావాళ్ళకి చెప్పలేదేం?"

"అడగలేదమ్మా."

యజమాని బావమరిది వైపు తిరిగాడు. "నువ్వు చూసొచ్చావు కదరా?"

"నువ్వు చూశావనుకున్నాను బావా."

"మీరిద్దరూ సరేనన్నారు కదా అని నేనూ సరేనన్నానండీ," అన్నాడు ఇస్త్రీ మాస్టర్, ఎవరూ అడక్కుండానే.

మెషిన్‌ని ఊడబెరికి వెనక్కి పంపేసరికి మధ్యాహ్నమైంది. కాగితం మీద సంతకం పడలేదు గనక పైసా పోలేదు. యజమాని మాసిన దుప్పట్ల మూట మీద కూలబడి, గండం గడిచినవాడిలా గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఇక దాచలేక చెప్పేశాడు.

"అవన్నీ నేను కల్పించి చెప్పాను వదినా."

"తెలుసు. అబద్ధమాడితే నీ కాలు ఊగుతుంది. కల్పించినవే అయినా ఒకసారి చూస్తే మన సొమ్మేం పోయింది?" అని ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది. "నాకైతే చిన్న మెషిన్లు రెండు కొందామనుంది. ఏమంటారు?"

"బ్రహ్మాండంగా ఉంది," అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

ఆవిడ వాళ్ళ ముందుకి తెల్లకాగితం తోసింది. "ముందు వంకలు చెప్పండి."

సాయంత్రం దాకా కూర్చున్నారు గానీ, నిజాయితీగా వెతికితే వాళ్ళకి ఒక్క వంకా దొరకలేదు.