డెక్లన్ టూహీ గారి పాలనాకాలం

ఐర్లండ్‌కు దొరికిన ప్రధానమంత్రులందరిలోకీ ఉత్తముడు డెక్లన్ టూహీ అనే విషయంలో బాలిక్రీనా ఊళ్లో భేదాభిప్రాయాలు లేవు. ఆయన ప్రధాని కాలేదన్నది చిన్న సాంకేతిక లోపం మాత్రమే.

పశువుల మందులు అమ్ముకునే డెక్లన్ 1985లో, ముప్పయ్యేళ్ల వయసులో, కౌంటీ కౌన్సిల్‌కు పోటీ చేశాడు. ఇచ్చిన హామీ ఒక్కటే: చర్చికి వెళ్లే ఇరుకు వంతెనకు ఓ కాలిబాట. నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. మంచివాణ్ణి ఓడించామన్న బాధ ఊరు తట్టుకోలేకపోయింది. మాటీ కినేన్ పబ్బులో చేరి, ఆయన గెలిచి ఉంటే ఏం జరిగేదో లెక్కగట్టడం మొదలుపెట్టింది.

ఆ లెక్క ప్రకారం ఆయన 1992లో పార్లమెంటుకు వెళ్లాడు, 1997లో వ్యవసాయ మంత్రి అయ్యాడు. 2002లో ఆయన ప్రధాని కావడం ఊరందరికీ గుర్తే. 2008లో బ్యాంకులు కూలడానికి సరిగ్గా వారం ముందు అంతరాత్మ ప్రబోధంతో రాజీనామా చేశాడు. ఇంత నిష్కళంక చరిత్ర అసలు ప్రధానులెవరికైనా ఉందా?

హోదాకు తగ్గ బాధ్యతలూ వచ్చిపడ్డాయి. జిల్లాలో ఎవరు పోయినా ఆయన వెళ్లి, బంధువుల చేతులు పట్టుకుని ఓదార్చాల్సిందే. అలా ముప్పయ్యేళ్లలో రెండువేల శవయాత్రలు నడిచాడు. వంతెన మాత్రం అలాగే ఉంది.

కిందటేడు ఆ వంతెన మీదే లారీని తప్పించుకోబోయి ఆయన భార్య బ్రీడా గోడకు గుద్దుకుని మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ కట్టు చూసిన రోజే, చచ్చేలోగా కాలిబాట ఒక్కటీ నిజంగా వేయించాలని డెక్లన్‌కు గట్టిగా అనిపించింది. అరవై తొమ్మిదో ఏట మళ్లీ కౌన్సిల్‌కు నామినేషన్ వేశాడు.

ఊరు నొచ్చుకుంది.

"ఏంటండీ ఇది? దేశాన్ని ఏలినోళ్లు, మురిక్కాలవల మీటింగుల్లో కూర్చుంటారా?" అన్నాడు మాటీ.

"నేనెక్కడ ఏలాను మాటీ?"

"చూశారా, ఆ వినయమే మిమ్మల్ని అంతవారిని చేసింది!"

అక్కడి ఓటరు గుర్తు పెట్టి ఊరుకోడు. అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరస వేస్తాడు. డెక్లన్ ఎలాగూ గెలుస్తాడు, అంతటివాడికి తన ఒకటి దేనికని ప్రతి ఓటరూ విడివిడిగా ఆలోచించాడు. ఒకటి పాపం మేనల్లుడికో, పక్కింటివాడికో పడేసి, రెండు భక్తిగా డెక్లన్‌కు సమర్పించాడు. లెక్కింపు హాల్లో చూస్తే కాగితం కాగితానా ఆయన పక్కన రెండే. ఒకట్లు తక్కువ వచ్చినవాణ్ణి ముందుగా తీసేస్తారు కనుక, ఆ రెండ్ల జోలికి ఎవరూ వెళ్లకుండానే ఆయన పోటీ ముగిసింది. వచ్చిన ఒకటి ఒక్కటే. ఆ చేతిరాత ఆయనదే.

హాలు బయట బ్రీడా వంక చూశాడు.

"నువ్వు కూడానా?"

"ప్రధానిగా చేసినవాడివి, నా ఒక్కదానివల్ల ఆగిపోతావా అనుకున్నాను," అంది బ్రీడా, కళ్లు తుడుచుకుంటూ. "ఏడ్చినట్టే ఉంది నా తెలివి."

ఆయనకు కోపం రాలేదు, దిగులేసింది. ఇద్దరూ నడిచి ఇంటికి బయల్దేరారు. పబ్బులో అప్పటికే, ఈసారి ఆయన గెలిచి ఉంటే ఏం జరిగేదో లెక్క మొదలై, క్రిస్మస్‌లోగా కాలిబాట పూర్తయి, ప్రారంభోత్సవం దాకా వచ్చింది.

వంతెన మీద ఎదురుగా పాల లారీ వచ్చింది. డెక్లన్ బ్రీడాను గోడకు నొక్కి, తాను అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు బండి ఆపి, టోపీ తీసి, తల బయటపెట్టాడు.

"ఏం ప్రధాని గారూ, ఇన్నేళ్లు అధికారంలో ఉండి ఇక్కడో కాలిబాట వేయించలేకపోయారా?"

డెక్లన్ మెల్లగా చెయ్యెత్తాడు. 

"పరిశీలనలో ఉంది నాయనా."

డ్రైవరు పూర్తిగా తృప్తిపడి వెళ్లిపోయాడు.